కల్లంలో తెల్ల చొక్కా

కల్లంలో ఆరబోసిన మిరపకాయలను కాలితో తిరగేస్తున్న తుల్సీబాయికి మెత్తగా ఏదో తగిలింది. వంగి కాయలు పక్కకు తోసి చూస్తే అది ఆమె భర్త వాల్యా చెయ్యి.

బయ్యారం పక్కన తండా అది. పంట కల్లానికి వచ్చిన రోజుల్లో వాల్యా కాపలాకు కల్లంలోనే పడుకునేవాడు కాబట్టి రాత్రి ఇంటికి రాలేదని ఎవరూ కంగారుపడలేదు. తల వెనక దెబ్బ. కారిన నెత్తురంతా కాయలు తాగేశాయి. ఎర్రటి కాయల్లో ఎర్రటి నెత్తురు ఎక్కడిదాకా పోయిందో తేల్చలేక పోలీసులు ముక్కులు మూసుకుని చాలాసేపు తుమ్మారు.

మర్నాటికల్లా హంతకుడు దొరికాడు. ఇంత తొందరగా దొరికినందుకు ఎస్సై హన్మంత్ తనను తానే మెచ్చుకున్నాడు. నిజానికి అతను చేసిందల్లా కుర్చీలో కూర్చోవడం. సాక్ష్యమే స్టేషన్‌కు నడిచి వచ్చింది.

తెచ్చినవాడు నగేష్. మహబూబాబాద్‌లో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నీ అతనివే. హత్య జరిగిన సాయంత్రం జనగామ నుంచి వచ్చిన ఒక పెళ్లి కాబోయే జంటకు వాల్యా కల్లంలో ఫోటోలు తీశాడట. ఇప్పుడిదో పిచ్చి. ఒకప్పుడు పెళ్లికి ముందు అబ్బాయీ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికే సిగ్గుపడేవారు; ఇప్పుడు పరాయివాళ్ల పంట మీద పడుకుని కెమెరా వైపు చూస్తున్నారు. పని అయిపోయి వెళ్తూ రోడ్డు మీద నుంచి ఊరికే ఒక ఫోటో తీశానని, ఇంటికి వెళ్లి చూస్తే గుండె ఆగినంత పనైందని నగేష్ చెప్పాడు.

ఆ ఫోటోలో ముందు వాల్యా నిలబడి ఉన్నాడు, చెయ్యి ఊపుతూ ఎవరినో కసురుకుంటున్నట్టు. అతని వెనక, రెండు చేతులా వెదురు బొంగు పైకెత్తి పట్టుకుని, తెల్ల చొక్కాలో వెంకటేశ్.

వెంకటేశ్ తుల్సీబాయికి సొంత తమ్ముడు. బావకూ బామ్మర్దికీ హోలీ నాటి నుంచి మాటల్లేవు. ఇద్దరి పొలాలకూ ఒకటే మోటరు. నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. హన్మంత్‌కు ఇంకేం కావాలి? వెంకటేశ్‌ను పొలం దగ్గరే పట్టుకున్నారు. ఫోటో తండాలో ఫోన్లన్నీ తిరిగింది. అంత రంగుగా, అంత తేటగా ఉన్న ఫోటో అబద్ధమెట్లయితదని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

వీళ్ల తెలివిని ఇక్కడ కాస్త మెచ్చుకోవాలి. ఇదే తండాలో ఏ ఇంటి గోడ చూసినా వరంగల్ దాటి పోని మనుషులు మంచు కొండల ముందు నిలబడి ఉంటారు. ఏనాడో కాలం చేసిన తాత మనవడి పెళ్లిలో అక్షింతలు వేస్తుంటాడు. వార్డు మెంబరు కూడా ఫ్లెక్సీలో పెద్ద నాయకుడి భుజం మీద చెయ్యి వేసి ఉంటాడు. అవన్నీ అతుకులని అందరికీ తెలుసు. డబ్బిచ్చి అతికించుకున్నది వాళ్లే. కానీ ఒక మనిషిని జైలుకు పంపే ఫోటో వచ్చేసరికి, రంగు బాగుంది కాబట్టి నిజమే.

వాల్యా తల్లి సుక్కి కోడలిని గుమ్మంలోనే ఆపేసింది. నీ తమ్ముడు నా కొడుకును మింగిండు, నీ మొఖం నాకు చూపియ్యకు అని తలుపు వేసుకుంది. తుల్సీబాయికి ఒకేసారి భర్త పోయాడు, తమ్ముడు పోయాడు, ఇల్లు పోయింది. తమ్ముడు తప్పు చేయలేదని తేలితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. తేల్చాల్సినవాళ్లేమో ఫోటో చూసి మురిసిపోతున్నారు.

సీఐ సాంసన్ సెలవు ముగించుకుని వచ్చిన మర్నాడు ఆదివారం. సొంతూరు చిట్యాల. నోరు కటువు, ఎదుటివాడి తెలివితక్కువతనాన్ని సహించే గుణం దేవుడు తనకివ్వలేదని తానే చెప్పుకుంటాడు. ప్రార్థన ముగించుకుని తెల్ల బట్టల్లో చర్చి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర తుల్సీబాయి నిలబడి ఉంది.

"మా తమ్ముడే చేస్తె నేనే గుంజుకొచ్చి నీకు అప్పజెప్పుదును సారూ. ఆ రోజు వాడు కల్లం దిక్కే రాలే."

"ఫోటోల ఉన్నడు గదా అక్కా."

"నా పెండ్లి ఫోటోల మా మామ గూడ ఉన్నడు సారూ. నేను ఆ ఇంట్ల అడుగు పెట్టకముందే ఆయన సచ్చిపోయిండు."

సాంసన్ ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. ఈ కేసులో ఇంతవరకు ఎవరైనా బుర్ర వాడారంటే ఈమే అనుకున్నాడు. ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకోకుండానే హన్మంత్‌ను పిలిచి కల్లానికి బయల్దేరాడు.

కల్లం మధ్యలో పోలీసులు కట్టిన తాడు ఇంకా అలాగే ఉంది. చుట్టూ కాయలు ఎండలో మండుతున్నాయి. హన్మంత్‌కు ఒక అలవాటుంది. అధికారి ఎక్కడ నిలబడినా ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. సాంసన్ వద్దనేలోపే తీసి, వంగి వినయంగా చూపించాడు.

సాంసన్ ఫోన్ అందుకుని కళ్లు చిట్లించాడు. తన గడ్డం కింద, ముక్కు కింద, కనుబొమల కింద ఎర్రగా ఉంది, ఎవరో కింద నుంచి నిప్పు పెట్టినట్టు. పొద్దున ఇస్త్రీ చేసి వేసుకున్న తెల్ల చొక్కా నడుము దగ్గర గులాబీ రంగులోకి తిరిగింది.

"నా మొఖమేంది గిట్లున్నది?"

"ఎండ సార్. కాయల మీద పడి పైకి కొడ్తది. పెట్టేముందు ఎడిట్ చేస్త సార్, మంచిగొస్తది."

"చెయ్యకు. నీ దగ్గరున్న గా వెంకటేశ్ ఫోటో తియ్యి."

రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముందున్న వాల్యాకు గడ్డం కింద ఎరుపు ఉంది. పైకెత్తిన చేతి అడుగున ఎరుపు ఉంది. బనీను అంచుకూ ఉంది. అదే కల్లంలో, అదే ఎండలో, అతనికి రెండడుగుల వెనక నిలబడ్డ వెంకటేశ్ మాత్రం సబ్బు ప్రకటనలోంచి దిగివచ్చినట్టున్నాడు. చొక్కా మల్లెపువ్వు. ముఖం మైదాపిండి. కాళ్ల కింద బస్తాల కొద్దీ మిరపకాయలున్నా ఒంటి మీద ఎరుపు చుక్క లేదు.

సాంసన్ హన్మంత్ వైపు తిరిగి, అరెస్టు చేసిన రోజు వీడు ఇంత తెల్లగా ఉన్నాడా అని అడిగాడు. లేడని, బాగా నల్లగా ఉన్నాడని, భయానికి నల్లబడ్డాడేమో అనుకున్నానని హన్మంత్ జవాబు చెప్పాడు.

"భయపడితే మనిషి తెల్లబోతడు హన్మంతూ. ఇప్పుడు నీ మొఖం చూస్కో, తెలుస్తది."

హన్మంత్ ఫోటోను ల్యాబుకు పంపుదామన్నాడు. పంపుదాం, కానీ అక్కడి నుంచి కాగితం వచ్చేసరికి కొత్త పంట కల్లానికి వస్తుందని, అప్పటిదాకా ఒక అమాయకుడు లోపల కూర్చోవాలని సాంసన్ అన్నాడు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి ఒక్కో మూలా వెతకడం మొదలుపెట్టాడు. బొంగు ఎత్తిన చేతి కింద, చంక దగ్గర, చొక్కా మడతలో ఏదో రంగు కనిపించింది. ఎరుపు కాదు. లేత ఆకుపచ్చ. ముఖం కడిగినవాడు చంక కడగడం మరిచిపోయాడు.

చేను పచ్చగా ఉంటుంది కదా అని హన్మంత్ గొణిగాడు. కోతలయిపోయి చేను ఎప్పుడో ఎండిపోయిందని సాంసన్ చూపించాడు. వాల్యా ఒంటి మీద లేని ఆకుపచ్చ వెంకటేశ్ ఒంటి మీదికి ఎక్కడి నుంచి వచ్చింది? చుట్టూ ఆకుపచ్చ వెలుతురున్న చోట నిలబడితేనే వస్తుంది. అంటే వీడు ఈ ఫోటోకు నిలబడింది కల్లంలో కాదు. ఏదో ఆకుపచ్చ బట్ట కింద.

అలాంటి చోట తమ్ముడు ఎప్పుడు నిలబడ్డాడని తుల్సీబాయిని అడిగితే ఆమెకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆ మధ్య భూపాలపల్లి దిక్కు ఘనపూర్‌లో పెదనాయిన మనవరాలి పెళ్లికి అందరూ వెళ్లారు. ఇంటి ముందు ఆకుపచ్చ టెంటు. మధ్యాహ్నం గాలిదుమారం లేచి టెంటు పడిపోబోతే మగవాళ్లు బొంగులు ఎత్తి పట్టుకున్నారు. వెంకటేశ్ కూడా పట్టుకున్నాడు.

సాంసన్ ఆ పూటే ఘనపూర్ వెళ్లాడు. పెళ్లివారు ఛాయ్ ఇచ్చి, ఆల్బం తెచ్చి ఒళ్లో పెట్టారు. తలుపంత బరువు. తెరవగానే గులాబీలు, తామరలు, ఏ దేశానివో తెలియని చెరువులు. పెళ్లికూతురు ముఖం ఎంత తెల్లగా ఉందంటే ముక్కుపుడక గాల్లో తేలుతున్నట్టుంది. పక్కనే కూర్చున్న ఆ అమ్మాయిని చూసి, ఆల్బంలో ఉన్నది ఎవరని సాంసన్ అడిగితే ఇంటిల్లిపాదీ నవ్వారు. అతను నవ్వడానికి అడగలేదు.

ఆల్బం చివర్లో, అతుకులకు పనికిరాని ఫోటోలన్నీ చిన్నచిన్నగా పేర్చిన పేజీలో, గాలిదుమారం దొరికింది. ఎగురుతున్న టెంటు కింద నలుగురు మనుషులు. వారిలో వెంకటేశ్, అదే చొక్కా, అదే బొంగు, అదే పట్టు. నలుగురూ చిలకల్లా ఆకుపచ్చగా ఉన్నారు. వాళ్లెవరూ పెళ్లికొడుకులు కాదు కాబట్టి వాళ్ల ముఖాలు కడగాలని స్టూడియోవాడికి అనిపించలేదు. అట్ట వెనక బంగారు అక్షరాల్లో ఆ స్టూడియో పేరుంది. నగేష్‌ది.

ఆ పేజీ తీసుకుని, కల్లంలో ఫోటోలు దిగిన జంట కోసం సాంసన్ జనగామ వెళ్లాడు. పెళ్లి కాబోయే పిల్ల నవ్య చదువుకున్నదే, మాట చురుకైనదే. కల్లంలో తీసిన ఫోటోలు చూపించమంటే సంతోషంగా చూపించింది. నిప్పుల్లాంటి కాయల మీద పాలల్లో ముంచి తీసిన రెండు ముఖాలు. కాయల మీద చెప్పులతోనే పడుకున్నారు.

ఆ కల్లం మనిషి చనిపోయాడని తెలుసని, చాలా బాధ వేసిందని, కానీ ఆ రోజు అతను మర్యాద లేకుండా అరిచాడని ఆమె చెప్పింది. తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయని, పగిలిన కాయ ఎవరూ కొనరని ఒకటే గోల. మూడ్ అంతా పోయింది. తామిద్దరూ కారెక్కి ముందే వచ్చేశారు. డ్రోన్ దించుకుని వస్తానని నగేష్ ఒక్కడే వెనక ఆగాడు.

"మీ మొఖాలు గింత తెల్లగ ఎట్లొచ్చినయమ్మా? అక్కడ నిలబడితె కింద నుంచి ఎర్రగ కొడ్తది గదా."

"ముందు గట్లనే ఉండె అంకుల్. గడ్డం కింద అంత గలీజ్‌గ, ఎర్రగ. నేనే తీసెయ్యమన్న. నగేషన్నకు చెప్పేదేముంది, ఎవ్వరికైనా తీసేస్తడు."

సాంసన్ లేచాడు. ఆమె పెళ్లికి రమ్మంది. ఫోటోల్లో వస్తానన్నాడు.

మర్నాడు మహబూబాబాద్‌లో నగేష్ స్టూడియోకు అతను హన్మంత్‌తో పాటు వెళ్లాడు. తుల్సీబాయి కూడా వస్తానంది. వద్దని చెప్పడానికి అతనికి కారణం దొరకలేదు. ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని, గిరాకీల కోసం వేసిన బెంచీ మీద ఒక చివర కూర్చుంది. నగేష్ ఆమెను చూసి, చనిపోయిన మనిషి ఫోటో పెద్దది చేయించుకోవడానికి వచ్చిందేమో అనుకున్నాడు. ఫ్రేము తన తరఫున ఉచితం అన్నాడు.

నగేష్ చొక్కా, పళ్లు, ఫోన్ కవరు అన్నీ మెరుస్తున్నాయి. తన సాక్ష్యంతో కేసు తేలినందుకు సన్మానం లాంటిదేదో జరగబోతోందని అతని ముఖం చెబుతోంది. సాంసన్ ఆ ఆశను చెరపలేదు. కల్లంలో హన్మంత్ తీసిన తన ఫోటోను ఇచ్చి, పేపరుకు పంపాలి, జర మంచిగా చేసిపెట్టమన్నాడు.

అదెంత పని అని నగేష్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతని వేళ్లు ఎవరినీ అడగలేదు. ముందు గడ్డం కింది ఎరుపు పోయింది. తర్వాత ముక్కు కింది ఎరుపు. చొక్కా అంచు తెల్లబడింది. చివరికి ఒక మీట నొక్కాడు. సాంసన్ ముఖం మైదాపిండి అయింది.

చూడు సార్, పెండ్లికొడుకు లెక్క ఉన్నవు అని నగేష్ కుర్చీ తిప్పాడు.

సాంసన్ ఆ తెర పక్కనే వెంకటేశ్ ఫోటోను పట్టుకున్నాడు. రెండు ఫోటోల్లోనూ అదే కల్లం. రెండింటిలోనూ అదే తెల్ల చొక్కా, అదే పిండి ముఖం, ఎరుపు అంటని గడ్డం.

"నువ్వు కడిగినంక నేను గిట్లయిన. వెంకటేశ్‌ను ఎవరు కడిగిండ్రు?"

తాను ఆ ఫోటోను ముట్టుకోలేదని నగేష్ అన్నాడు; కెమెరాలో ఎలా వచ్చిందో అలాగే ఇచ్చానన్నాడు. కెమెరాలు ఒక్కోసారి రంగు మారుస్తాయని, లెన్సుల్లో తేడాలుంటాయని ఏవేవో చెప్పాడు. సాంసన్ అడ్డుచెప్పకుండా విన్నాడు. లెన్సు వాల్యాను ఎర్రగా ఉంచి, వెనక ఉన్నవాణ్ని మాత్రం కడుగుతుందా అని అడిగాడు. అలాంటి లెన్సు ఉంటే తన ఎస్సైకి ఒకటి కొనిస్తానన్నాడు. తర్వాత ఘనపూర్ ఆల్బంలోని పేజీ తీసి బల్ల మీద పరిచాడు. టెంటు కింద ఆకుపచ్చ వెంకటేశ్ బొంగు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నగేష్ ముఖంలో ఎవరూ ఏ మీటా నొక్కకుండానే రంగు పోయింది. హన్మంత్ లేచి షట్టరు సగం దించాడు. ఇన్నాళ్లలో అతను సొంతంగా చేసిన మొదటి పని అది.

"ఒక మనిషి లోపల ఉన్నడు," అన్నాడు సాంసన్. "ఆమె ఇంటికి పోలేక చుట్టాల అరుగు మీద పండుకుంటున్నది. నా దగ్గర కతలు చెప్పకు. ఆమెకు చెప్పు."

నగేష్ తుల్సీబాయి వైపు చూడలేదు. బల్ల మీది ఫోటోనే చూస్తూ మాట్లాడాడు.

"నేను సంపుదామని పోలే సార్. వాళ్లు కారెక్కి పోయినంక నేను డ్రోన్ దించుతున్న. ఆయన వచ్చి కెమెరా పట్టుకున్నడు. పగిలిన కాయలన్ని ఏరిచ్చి పో అన్నడు. నేను ఫోటోలు తీసెటోన్ని, కాయలేరుడేంది? ఇడ్వమన్న, ఇడ్వలే. గుంజిన, ఇడ్వలే. ఆ కెమెరా నాకు ఎంత ముఖ్యమో ఆయనకేం తెలుసు. తోసిన. కాయల కింద పరిచే పట్టా ఎగరకుండ అంచుకు బండలు పెడ్తరు గదా, ఆ బండ మీద పడ్డడు. ఇగ లేవలే. నాకు కాళ్లు చేతులు ఆడలే. రోడ్డు మీద మనుషులు పోతుండ్రు. కనబడకుండ కాయలు గుంజి మీదేసిన.

"ఇంటికొచ్చినంక వెంకటేశ్ యాదికొచ్చిండు, వాల్యా బామ్మర్దని ఘనపూర్ పెండ్లిలనే ఎరుక. బామ్మర్దితోని పంచాయితుందని ఆ రోజు వాల్యానే ఫోన్ల ఎవరితోనో అంటుంటే విన్న. ఘనపూర్ ఫోటోలు నా దగ్గరనే ఉండె, బొంగు గూడ చేతుల ఉండె. ఇంకేం కావాలె అనుకున్న. మీరు రంగు తెల్వదనుకుంటున్నరు. తెలుసు సార్. మొదలు ఎరుపు పెట్టిన. గడ్డం కింద, చొక్కా అంచుకు, మంచిగ కుదిరింది, నా అయ్య వచ్చి చూసినా పట్టకపోతుండె. అంత అయినంక మళ్ల చూస్తె కండ్లకు మురికి లెక్క కొట్టింది. ఆ ఎరుపు తుడుసుడే గదా నా పని. ఇంతమంది పెండ్లికూతుర్లకు తుడిసిన. చెయ్యి ఊకోలే. తుడిసి, మీట నొక్కి, మీకు తెచ్చిచ్చిన."

హన్మంత్ రాసుకుంటున్నాడు. బెంచీ చివర నుంచి తుల్సీబాయి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒకటే అడిగింది.

"కాయలు కప్పేటప్పటికి పానం పోయిందా?"

నగేష్ మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు.

"పోయిందనే అనుకున్న అక్కా. కప్పి బండి దాక పోయిన. అప్పుడు ఇనబడ్డది. ఘాటుకు దగ్గిండు, కాయల కింద. జర ఆగి మళ్ల దగ్గిండు. నేను బండి స్టార్ట్ చేసిన."